దీపమునకును రేడియోకును వైరము

సాయంకాలము వార్తలవేళ రేడియో ముందు కూర్చున్న గృహస్థునకు మాటలతోపాటు గరగరయో, సన్నని కూతయో వినవచ్చుట క్రొత్త అనుభవము కాదు. వానకాలమున అది ఉఱుముల చప్పుడని మనము ఓర్చుకొందుము. ఆకాశము నిర్మలముగా నున్నను గరగర ఆగనిచో, తప్పు పెట్టెదని తలచి మరమ్మతునకు పంపుదుము. తప్పు పెట్టెది కాక పొరుగింటి దీపముది కావచ్చునని మనకు తోచదు. ఈ వైరము పుట్టుపూర్వోత్తరములను స్థూలముగా విన్నవించుట మా ఉద్దేశము.

నిజమునకు రేడియోయును, రేడియోను చెఱచు చప్పుడును ఒక్క కాన్పున పుట్టిన కవలలు. జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున 1887, 1888 సంవత్సరములలో హెర్ట్జ్ పండితుడు విద్యుత్ స్ఫులింగముతోనే తరంగములను పుట్టించి చూపెను. 1901లో మార్కొనీ అట్లాంటిక్ మహాసముద్రమును దాటించిన సంకేతము కూడ స్ఫులింగపు బిడ్డయే. అయితే స్ఫులింగమునకు హద్దు తెలియదు. దాని శక్తి ఒక స్థానమున నిలువక ఇరుగు పొరుగు తరంగములన్నిటిపై చిందును. ఒక ఓడ మాటాడుచున్నచో తక్కిన ఓడలు చెవులు మూసికొనవలసివచ్చెడిది. అందుచేతనే 1927లో వాషింగ్టన్ నగరమున కూడిన అంతర్జాతీయ సభవారు స్ఫులింగ ప్రేషకములను క్రమక్రమముగా తొలగింప నిశ్చయించిరి.

ప్రేషకములు మాఱినను స్ఫులింగములు పోలేదు. ట్రాము బండి తీగెలందును, విద్యుత్ మోటారులందును, కారు ఇంజనులందును అవి నిలిచియే యుండెను. ఇంతలో ఇంటింట రేడియో వెలసినది. మన దేశమున బొంబాయి కేంద్రము 1927లో ప్రారంభమైనది. శ్రోతలు పెరిగినకొలది ఫిర్యాదులును పెరిగినవి.

అప్పుడు తేల్చవలసిన ప్రశ్న ఒకటి వచ్చినది: ఏ చప్పుడు దైవికము, ఏది మానుషము? అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అను యువ ఇంజనీరు తిరుగుడు ఏరియలు నొకదానిని నిర్మించి ఈ చప్పుళ్లను వేఱుపఱచెను. దగ్గరి ఉఱుములది ఒకటి, దూరపు ఉఱుములది ఒకటి. మూడవదగు సన్నని సవ్వడి పాలపుంతనుండి వచ్చుచున్నదని అతడు 1933లో ప్రకటించెను. ఉఱుములకును పాలపుంతకును ఉత్తరువులు పంపలేము. మనుష్యుడు చేసిన యంత్రమునకు పంపవచ్చును. ఆ సంవత్సరమే పారిస్ నగరమున వివిధ దేశముల నిపుణులు కూడి, రేడియో అంతరాయములను విచారించుటకు ఒక అంతర్జాతీయ సంఘమును ఏర్పఱచుటకు పూనుకొనిరి. 1934లో ఆ సంఘము తొలి సమావేశము జరిగినది. సిస్పర్ అను పేర అది నేటికిని ప్రమాణములను నిర్ణయించుచున్నది. చప్పుడును పుట్టినచోటనే అణచవలెను, వినువానిపై భారము మోపరాదు అనునది ఈ కృషికంతకు మూలసూత్రము. బ్రిటనులో 1952 నాటి నిబంధనలు మోటారు బండ్ల జ్వలనయంత్రములకు ఈ సూత్రమునే వర్తింపజేసినవి.

ఇక దీపముల కథ. ట్యూబులైటు వంటి వాయుదీపము వెలుగసాగిన పిదప దానిని అదుపు చేయకున్నచో ప్రవాహము పెరిగి పెరిగి దీపమునే నాశనము చేయును. దానికి కళ్లెమువంటిది మనము చోకు అని పిలుచు బ్యాలస్టు. పూర్వపు చోకు ఇనుప రేకులపై రాగితీగె చుట్టినది. బరువు హెచ్చు, కొంత మూలుగును; కాని రేడియో జోలికి అంతగా పోదు. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ చోకు తేలికైనది, విద్యుత్తును ఆదా చేయునది. అది ప్రవాహమును సెకనునకు వేలకొలది పర్యాయములు తెంచి కలుపును. చిక్కు ఇందే యున్నది. సెకనునకు 40,000 మారులు తెంచు చోకును తీసికొందము. దాని 21వ గుణిజము 840 కిలోహెర్ట్జ్. విజయవాడ శ్రోతలకు చిరపరిచితమైన స్థానము 837. రెంటికి నడుమ భేదము 3 కిలోహెర్ట్జ్; అదియే పాటనడుమ కూతయై వినబడును. ఆ చోకు వేగము నిలుకడగా లేనిచో కూత గరగరగా మాఱును.

ఈ వైరము పరాకాష్ఠ నందినది అమెరికాలో. అచట 1996లో కాలిఫోర్నియాయు, తరువాత మఱికొన్ని రాష్ట్రములును వైద్యమునకై గంజాయిని అనుమతించినవి. 2012లో కొలరాడో, వాషింగ్టను రాష్ట్రముల ప్రజలు సామాన్య వినియోగమునకును సమ్మతించిరి. ఇండ్లలోపలనే మొక్కల పెంపకము విస్తరించినది. సూర్యునికి బదులు వేయి వాట్ల సోడియము దీపములు దినమునకు 12 మొదలు 18 గంటలు వెలుగును. వానికి డిజిటల్ బ్యాలస్టు అను ఎలక్ట్రానిక్ చోకులు. చోకునుండి దీపమువఱకు ప్రాకిన పొడుగాటి తీగె చక్కని ఏరియలుగా పనిచేసినది. ఇరుగుపొరుగుల ఔత్సాహిక రేడియో ప్రసారకులకు హ్రస్వతరంగములు మూగవోయినవి. తుపానులు వచ్చి టెలిఫోనులు తెగినపుడు వార్త నందించువారు వారే యని మఱువరాదు. 2014లో వారి జాతీయ సంఘము ప్రభుత్వ కమిషనునకు ఫిర్యాదు చేసినది. తాము పరీక్షించిన ఒక చోకు పరిమితిని 58 డెసిబెల్స్ వఱకు మించినదని తెలిపినది. శక్తిలో చెప్పవలెనన్నచో అది ఆఱు లక్షల రెట్లకు పైమాట.

ఇందు మొక్కలు పెంచువానిని దూషించి ప్రయోజనము లేదు. అతడు అంగడిలో అమ్మినదానిని కొన్నాడు. తన దీపపు కేక అతని చెవికి వినబడదు. వడపోత సాధనమునకు అగు కొద్దిపాటి వ్యయమును మిగుల్చుకొని సరకు చేసినవానిదే మొదటి బాధ్యత.

మన యిండ్లలో నేడు వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపములలోను ఇట్టి మీటయంత్రమే యున్నది. శ్రద్ధతో చేసినవి మౌనముగా నుండును. నాసిరకమువి కేకలు వేయును. గరగర వినవచ్చినపుడు బ్యాటరీ రేడియోను పెట్టి ఇంటి మెయిను ఆపిచూడుడు. చప్పుడు ఆగినచో దొంగ ఇంటిలోనే యున్నాడు. మెయిను మరల వేసి, దీపములను ఒక్కొక్కటిగా ఆర్పి పట్టుకొనవచ్చును. ఆగనిచో రేడియోతో వీధిలో నాలుగడుగులు నడచిన జాడ దొరకును. అప్పుడు పొరుగువారి గడప యెక్కి జగడమాడక, ఆ రేడియోను వారి చేతికిచ్చి విననిండు. తన దీపపు చప్పుడును తన చెవితో విన్నవాడు సాధారణముగా కాదనడు.

ఊరి చెఱువు నీరు ఎట్లో ఆకాశతరంగములు నట్లే. అందఱివియు గనుక ఎవరివియు కావని తలచుట పొరపాటు. ఒకరి వెలుగు మఱియొకరి వినికిడిని హరింపరాదని పెద్దలు 1934 నుండి చెప్పుచున్న మాట నేటికిని పాతబడలేదు.