డాబా మీద టైల్స్ ఎందుకు లేచాయి?

పోయిన మే నెలలో, విద్యానగర్‌లో మా డాబా మీద నాలుగు టైల్స్ గుడారంలా పైకి లేచాయి. పటపటా చప్పుడొస్తే పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారనుకున్నాం. మిగతావి తట్టి చూస్తే సగం డొల్ల. "టైల్సే మంచివి కావు సార్" అని మేస్త్రి తేల్చేశాడు. మన ప్రొడక్షన్ బగ్గుల్లాగే, తప్పెప్పుడూ పక్క మాడ్యూల్‌దే కదా!

ఎండకీ వానకీ టైల్స్ ఊడటం ఈ ఊరికి కొత్త కాదు. గోల్కొండ దగ్గర ఇబ్రహీం కుతుబ్‌షా (1580లో పోయాడు) సమాధికి బయట అంటించిన రంగు టైల్స్‌లో ఇప్పుడు ఆనవాళ్ళే మిగిలాయి. అదే అతని కొడుకు మహమ్మద్ కులీ 1590లలో కట్టించిన బాద్షాహీ ఆషుర్‌ఖానాలో, నీడపట్టున ఉన్న గోడల మీద, టైల్స్ చాలావరకు ఇంకా మెరుస్తున్నాయి. చిన్న చిన్న ముక్కలుగా కోసి పొందికగా అతికించినవి. 1908 మూసీ వరదకి కింది భాగం పోయింది. తర్వాత బాగు చేసినవాళ్ళు అక్కడ టైల్స్ పెట్టలేదు, గోడ మీద టైల్స్ బొమ్మ వేసేశారు! ఎంత చక్కటి ప్యాచో. దూరం నుంచి తేడా తెలీదు.

మన పాత డాబాలకి టైల్స్ గొడవే లేదు, గానుగ సున్నం గచ్చు. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, కాస్త సాగుతుంది, లోపలి తేమని బయటికి వదులుతుంది. సిమెంటు అంత ఓపిక పట్టదు.

ఇక మా డాబా సంగతి. పది మీటర్ల వరస టైల్స్ మే ఎండకి 35 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకి పైనే పెరుగుతుంది. మేము రెండు పిట్టగోడల మధ్య సందు లేకుండా బిగించాం. పెరిగింది ఎటు పోవాలి? పైకే. దానికి తోడు వేసినవి విట్రిఫైడ్ టైల్స్. అవి నీళ్ళు పీల్చవు, అరశాతం కూడా. పాత సిరామిక్ టైల్స్‌కి అలవాటైన చేత్తో సిమెంటు పాలు పూస్తే పట్టు ఎక్కడ దొరుకుతుంది? వాటికి పాలిమర్ కలిసిన గమ్ము కావాలి, అదీ టైల్ వెనక ఖాళీ లేకుండా. నాలుగు మూలలా ముద్దలు పెడితే ఆ ఖాళీల్లో వాన నీళ్ళు చేరతాయి.

ఈసారి పాత పరుపంతా కొట్టించి, వాటం సరిచేసి, మూడు మీటర్లకో సందు, పిట్టగోడ చుట్టూ ఇంకో సందు వదిలించి, మెత్తటి సీలెంట్ నింపించాను. నాన్నగారు పైకొచ్చి చూసి, "మధ్యలో ఈ నల్ల గీతలేంట్రా, అసహ్యంగా?" అన్నారు.