కడిగిన మురికి ఎక్కడికి పోయింది? పటాన్‌చెరు నుంచి ఐదు కన్సోల్ గేముల పరిశీలన

సారాంశం

2020 నుంచి కన్సోళ్ల మీద వచ్చిన ఐదు గేములను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్, రీబర్త్ జంట, ఫ్యాక్టోరియో, పవర్‌వాష్ సిమ్యులేటర్, సిటీస్: స్కైలైన్స్ రీమాస్టర్డ్, టెర్రా నిల్. వీటి ప్రక్రియలు వేరు. అయినా అన్నిటిలోనూ కర్మాగారమో, మనిషి మిగిల్చిన మురికో కథకో నియమాలకో ఆధారం. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు అనుభవాన్ని కొలమానంగా పెట్టుకుని, ఈ గేములు వ్యర్థాన్ని ఎలా లెక్కిస్తున్నాయో, ఎవరిని లెక్కలోంచి వదిలేస్తున్నాయో చూపడం దీని ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం

కన్సోల్ గేము విడుదలైతే సమీక్షకులు సాధారణంగా చూసేవి దృశ్యాల నాణ్యత, కంట్రోలర్ స్పందన, కథ, సంగీతం, ఎన్ని గంటల ఆట అన్నవి. 2001లో మొదలైన మెటాక్రిటిక్ ఆ తీర్పులన్నిటినీ కలిపి నూటికి ఒక అంకెగా మార్చింది. కొనేవాళ్లకు ఆ అంకె చాలు. విమర్శకు చాలదు.

గేము తన మాటను పాత్రల సంభాషణల్లోనే కాక నియమాల్లోనూ చెబుతుంది. దేనికి పాయింట్లు ఇస్తుంది, దేనికి కోత పెడుతుంది, దేన్ని అసలు లెక్కే చేయదు అన్నవే దాని అసలు అభిప్రాయాలు. ఇయాన్ బొగోస్ట్ 2007లో వెలువరించిన ‘పర్సువేసివ్ గేమ్స్’ ఈ ఆలోచనను సిద్ధాంతంగా నిలబెట్టింది. భారత ఉపఖండపు గేముల మీద పనిచేసిన శౌవిక్ ముఖర్జీ వలసపాలన అనుభవించిన నేల మీద నిలబడి గేములను చదివాడు. ఈ వ్యాసం ఆ దారిలోనే ఒక అడుగు దగ్గరికి జరిగి, ఒక్క వాగు ఒడ్డున నిలబడి చదువుతుంది.

ప్రతి గేమునూ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ ఆటలో వ్యర్థం లెక్కలోకి వస్తుందా? వస్తే ఎక్కడికి పోతుంది? చివరికి ఎవరి మీద పడుతుంది?

2. తెలుగు నేల మీద కన్సోల్ గేము

మనవాళ్లు కన్సోల్ గేములు ఆడడంతో ఆగలేదు, తయారూ చేశారు. హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ రూపొందించింది. హైదరాబాదు సంస్థే అయిన గేమ్‌శాస్త్ర అదే కన్సోల్‌కు కబడ్డీ, గిల్లీదండ, గాలిపటం వంటి ఆటలతో ‘దేశీ అడ్డా’ను, ఆ తరువాత 2013లో హిందీ సినిమా ఆధారంగా ‘డాన్ 2’ను అందించింది. ఒకటి పురాణం, ఒకటి పల్లె, ఒకటి సినిమా. ఈ మూడింటి మధ్య కనిపించనిది కంపెనీ. నగరాన్ని ఆనుకుని, పల్లెను మార్చేసి, వేలమందికి షిఫ్టుల లెక్కన బతుకునిచ్చిన పారిశ్రామికవాడ మన గేముల ఊహలోకి రాలేదు. బయటి దేశాల గేముల్లో మాత్రం అది నిండా ఉంది. వాటిని మన కంపెనీల పక్కన నిలబెట్టి చదవాల్సిన అవసరం అక్కడే మొదలవుతుంది.

3. కొలమానం: ఇసకవాగు

బొంబాయి హైవే మీద రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ దాటితే పటాన్‌చెరు, ఆపైన ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, కంది, సంగారెడ్డి. పక్కనే బొల్లారం, బొంతపల్లి. 1970ల నుంచి ఇక్కడికి పరిశ్రమలు వచ్చాయి, ముఖ్యంగా మందులకు ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలు. మెట్టపంటల మీద పరిశోధనకు 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ కూడా ఇక్కడే ఉంది. పంట కోసం ప్రపంచం వెతుక్కుంటూ వచ్చిన నేల పక్కనే పంట నీళ్లు పాడయ్యాయి.

కంపెనీల నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీరకు, అక్కడి నుంచి గోదావరికి చేరాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు రైతులను కూడగట్టి దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1990లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. శుద్ధి చేశాక విడిచిన నీటి సంగతి ఇది. 2009లో వచ్చిన మరో అధ్యయనం ఇక్కడి చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల అవశేషాలను గుర్తించింది. 2011లో వాగు అడుగు మట్టిలోని సూక్ష్మజీవుల్లో మందులకు లొంగకుండా చేసే జన్యువులు దండిగా ఉన్నాయని బయటపడింది.

మరొక్క సంగతి. 2009 ప్రాంతంలో శుద్ధి కేంద్రపు నీటిని వాగులో విడవకుండా సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరపు మురుగు కాలువకు కలిపి, మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీర గోదావరిలో కలుస్తుంది, మూసీ కృష్ణలో కలుస్తుంది. ఒక నది పరీవాహకంలో పుట్టిన వ్యర్థం ఇంకో నది పరీవాహకానికి బదిలీ అయింది. ఈ బదిలీని గుర్తుపెట్టుకుంటే గేముల నియమాలు తేటగా కనిపిస్తాయి.

4. ఐదు గేములు

4.1. రియాక్టర్ అనే మాట: ఫైనల్ ఫాంటసీ సెవెన్

1997 నాటి మూలకథను స్క్వేర్ ఎనిక్స్ 2020లో ‘రీమేక్’గా, 2024లో ‘రీబర్త్’గా ప్లేస్టేషన్‌కు మళ్లీ తెచ్చింది. మిడ్గార్ నగరంలో షిన్రా కంపెనీ నేల ప్రాణసారమైన మాకోను రియాక్టర్లతో తోడుతుంది. ఉన్నవాళ్లు ఇనుప పళ్లెం మీద, లేనివాళ్లు దాని నీడలో బతుకుతారు. చాలా దేశాల ఆటగాళ్లకు రియాక్టర్ అంటే అణువిద్యుత్తు గుర్తొస్తుంది. పాశమైలారంలో ఆ మాటకు అర్థం వేరు: కంపెనీలో రసాయనాలు కలిపే పాత్ర. అది షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి ఒంటిమీది వాసన. ‘రియాక్టర్ పేలింది’ అన్నది ఇక్కడి పత్రికల్లో పదేపదే కనిపించే శీర్షిక.

రెండు భాగాల్లోనూ లోతైనది కోరెల్ ఊరి కథ. బొగ్గుగని కార్మికుల ఊరు అది. రియాక్టర్ వస్తే బతుకులు బాగుపడతాయని ఆ ఊరివాడైన బారెట్ మిగతావాళ్లను ఒప్పించాడు, అతని స్నేహితుడు డైన్ వద్దన్నాడు. చివరికి ఊరు కాలిపోయింది. ఇక్కడ కంపెనీ ఒక్కటే దోషిగా నిలబడదు. రమ్మన్నవాడి గుండెలోనూ కొరివి ఉంది. మా ప్రాంతంలో ఒకే ఇంట్లో ఒక అన్న ఎండిన పొలం కోసం ధర్నాకు వెళ్తే, తమ్ముడు అదే కంపెనీకి జనరల్ షిఫ్టుకు వెళ్లిన పరిస్థితి ఉంది. ఆ చీలికను ఇంత నిజాయితీగా చూపిన గేము ఈ ఐదింటిలో ఇదొక్కటే. అదే ఆటలోని గొంగాగా ఊళ్లో పేలిపోయిన రియాక్టర్ శిథిలాల చుట్టూ నడుస్తుంటే, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారంలో నలభై మందికి పైగా కార్మికులను మింగిన పేలుడు గుర్తురాక మానదు.

కథ చెప్పేది ఇది. నియమాలు చెప్పేది ఇంకొకటి. ఆటగాడు వాడే మంత్రశక్తి అంతా మెటీరియా నుంచి వస్తుంది, మెటీరియా అంటే గడ్డకట్టిన మాకో. షిన్రా తోడుతున్న దానితోనే మనం షిన్రాను కొడతాం. మనం ఎంత వాడినా నేల తరిగినట్టు ఏ అంకే తగ్గదు. మాటల్లో నేల పక్షం వహించిన ఆట, లెక్కల్లో ఆ పక్షం వహించలేకపోయింది.

4.2. లెక్క తెలిసిన ఆట: ఫ్యాక్టోరియో

ప్రాగ్‌కు చెందిన వూబే సాఫ్ట్‌వేర్ చేసిన ఈ గేము 2022 అక్టోబరులో నింటెండో స్విచ్ మీదికి వచ్చింది. గ్రహం మీద దిగిన ఇంజనీరు ఇనుము, రాగి తవ్వి, కన్వేయర్ బెల్టులు పరిచి కర్మాగారం పెంచుకుంటూ పోతాడు. ప్రతి యంత్రం నిమిషానికి ఇంత అని కాలుష్యం వదులుతుంది. అది మ్యాపు మీద ఎర్రటి మబ్బులా పరుచుకుంటుంది. చెట్లు, నేల కొంత పీల్చుకుంటాయి, చెట్లు వాడిపోతాయి. మిగిలినది ఆ గ్రహపు పురుగుల గూళ్లను తాకితే అవి కర్మాగారం మీదికి వస్తాయి.

కాలుష్యాన్ని ఇంత కచ్చితంగా లెక్కగట్టిన ఆట అరుదు. ఆ కచ్చితత్వాన్ని నేను గౌరవిస్తాను. అయితే లెక్క ఎటు మళ్లిందో చూడాలి. నష్టపోయినవాళ్లు శత్రువుల రూపంలోనే కనిపిస్తారు. వాళ్లకు అర్జీ లేదు, కోర్టు లేదు, డాక్టరు లేడు. వాళ్లకు దక్కే జవాబు తుపాకీ గోడ. ఇంకొకటి, ఈ ఆట నియమాల్లో నీళ్లు పాడవవు. చెరువు పక్కన పంపు పెడితే ఎంతసేపు తోడినా అదే స్వచ్ఛత. పటాన్‌చెరు కీడు ముఖ్యంగా నీటి దారినే నడిచింది.

4.3. మాయమయ్యే మురికి: పవర్‌వాష్ సిమ్యులేటర్

బ్రిటన్‌కు చెందిన ఫ్యూచర్‌ల్యాబ్ 2022లో విడుదల చేసిన ఈ గేములో పనల్లా ప్రెషర్ పంపుతో వాహనాలు, ఇళ్లు కడగడమే. ఏ భాగం ఎంత శాతం శుభ్రమైందో తెర మీద పడుతుంది, పూర్తయితే చిన్న గంట మోగుతుంది. మనసుకు నెమ్మదినిచ్చే ఆటగా సమీక్షకులు మెచ్చుకున్నారు. ఆ నెమ్మది నిజమే, నేనూ అనుభవించాను. 2023 మార్చిలో దీనికి వచ్చిన అదనపు భాగంలో ఆటగాడు ఏకంగా మిడ్గార్‌కే వెళ్లి షిన్రా కంపెనీ సొత్తును కడుగుతాడు.

కడిగిన మురికి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, మాయమైంది. నేల మీద చుక్క మడ్డి నిలవదు, కాలువ లేదు, దిగువ లేదు. నూటికి నూరు శాతం అన్న అంకె ఇక్కడ పూర్తిగా పైపొర లెక్క. కంపెనీ గేటు ముందు గచ్చు తళతళలాడుతూ, వెనుక వాగు రంగు మారిన దృశ్యం మా కళ్లు చూసినదే. ఈ ఆట ఆ ముందు గచ్చును మాత్రమే చూపిస్తుంది.

4.4. మ్యాపు అంచు: సిటీస్: స్కైలైన్స్

ఫిన్లాండ్ సంస్థ కొలోసల్ ఆర్డర్ రూపొందించిన ఈ నగర నిర్మాణ గేము 2023 ఫిబ్రవరిలో కొత్త కన్సోళ్లకు రీమాస్టర్డ్‌గా వచ్చింది. నీటి విషయంలో ఐదింటిలోకెల్లా తెలివైన నియమాలు దీనివే. మురుగు వదిలే గొట్టానికి దిగువన తాగునీటి పంపు పెడితే జనం జబ్బు పడతారు. పరిశ్రమలు పాడుచేసిన నేల మీద నీటి ట్యాంకు కడితే అందులోనూ కలుషితమైన నీళ్లే వస్తాయి. నేల కింది నీరు పాడవుతుందని, ఎగువ దిగువలకు బాధ్యత ఉందని ఆడించి నేర్పుతుంది.

అయితే ఆటగాడు త్వరలోనే ఒక కిటుకు నేర్చుకుంటాడు. మురుగు గొట్టాన్ని ప్రవాహపు చివరికి, మ్యాపు అంచుకు జరిపితే చాలు. తన ఊరి అంకెలు పచ్చబడతాయి. అంచు అవతల ఊరు లేదు, మనిషి లేడు. మంజీర వైపు పోయే నీటిని మూసీ వైపు మళ్లించిన 18 కిలోమీటర్ల పైపును తలుచుకుంటే ఈ కిటుకు ఆటగా అనిపించదు. మూసీ దిగువన భువనగిరి, నల్లగొండ ప్రాంతాల ఊళ్లున్నాయి. నిజమైన నేలకు అంచు ఉండదు.

4.5. మనుషులు లేని బాగు: టెర్రా నిల్

దక్షిణాఫ్రికా సంస్థ ఫ్రీ లైవ్స్ చేసిన టెర్రా నిల్ 2023 డిసెంబరులో స్విచ్‌కు వచ్చింది. నగరం కట్టే ఆటలకు ఇది తలకిందులు. చచ్చిన నేలలో విషం తీసి, నీళ్లు పారించి, గడ్డి, అడవి, జంతువులు తిరిగొచ్చాక, మనం కట్టిన ప్రతి యంత్రాన్నీ విప్పి మోసుకుని వెళ్లిపోవాలి. చివరి చిహ్నాన్ని కూడా తీసేస్తేనే ఆట ముగుస్తుంది. ఈ ఊహలోని వినయం గొప్పది.

లోటు రెండు చోట్ల ఉంది. ఆ నేల మీద ఎవరూ లేరు. పొలం పోగొట్టుకున్నవాడు, పరిహారం కోసం కాగితాలు పట్టుకు తిరిగినవాడు, కంపెనీ మూతపడితే కూలి పోయేవాడు అక్కడ కనిపించరు. పైగా బాగు అన్నది పూర్తిగా, తిరుగులేకుండా జరిగిపోతుంది. ఇసకవాగు మట్టిలో మందులకు లొంగని గుణం సూక్ష్మజీవి నుంచి సూక్ష్మజీవికి బదిలీ కాగలదు. తనంతట తాను పెరిగే నష్టాన్ని ఈ ఐదు గేముల్లో ఏదీ లెక్కలోకి తీసుకోలేదు.

5. తులన

కథలో పీడితుల పక్షం నిలిచినది ఫైనల్ ఫాంటసీ, నియమాల్లో కాలుష్యాన్ని కొలిచినది ఫ్యాక్టోరియో, నీటి దారి తెలిసినది స్కైలైన్స్, మరమ్మతును ఆటగా మార్చినది టెర్రా నిల్. శ్రమలోని తృప్తిని నిజంగా పట్టుకున్నది పవర్‌వాష్. అందుచేత వీటిని కొట్టిపారేయడానికి లేదు. మూడో ప్రశ్న దగ్గర మాత్రం అన్నీ తడబడ్డాయి. వ్యర్థం ఎవరి మీద పడుతుందో, వాళ్లు మాట తిరిగి చెప్పగల మనుషులుగా ఉండే నియమం ఒక్కదానిలోనూ లేదు. ఫైనల్ ఫాంటసీలో వాళ్లు మాట్లాడతారు, కానీ అది రాసిపెట్టిన సంభాషణ. మనం చేసే పనికి అది బదులు కాదు.

6. ముగింపు

విమర్శకుడికి ఇందులో ఒక పని ఉంది. గేమును అంచనా వేసేటప్పుడు దృశ్యం, కంట్రోల్, కథలతో పాటు దాని లెక్కల పుస్తకం కూడా తెరిచి చూడాలి. ఏ అంకె పెరుగుతోందో చూసినట్టే ఏ అంకె అసలు లేదో చూడాలి.

రూపకర్తలకు ఇంకో పని ఉంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, అక్కడ డిజైన్ విభాగం ఉంది. అక్కడికి కొద్ది దూరంలోనే ఇసకవాగు ఉంది. ఈ ప్రాంతపు పిల్లలు రేపు ఒక గేము చేస్తే దాని నియమాలు ఇలా ఉండాలని కోరుకుంటాను. మ్యాపులో మంజీర, మూసీ రెండూ ఉండాలి. ఒకదాని నుంచి తీసిన మురుగు రెండోదానిలో కనబడాలి. బావి నీళ్లు పాడైన రైతు, అదే కంపెనీలో బి షిఫ్టుకు వెళ్లే అతని కొడుకు, దవాఖానాలో కూర్చున్న డాక్టరు, ముగ్గురూ ఆటగాడు ఎంచుకోగల పాత్రలై ఉండాలి. శుద్ధి కేంద్రం కట్టగానే ఆట గెలిచినట్టు కాకూడదు. అది విడిచిన నీటిని లీటరు పట్టి పరీక్షించాకే తరువాతి మెట్టు తెరుచుకోవాలి.