తుపాకియు వ్రేలిముద్రయు



సూర్యాపేట నుండి జనగామకు పోవు బాటలో నున్న మన తిరుమలగిరి వంటి యూళ్లలో, పాతకాలపు కుటుంబముల పెట్టెలు వెదకినచో అడుగున నొకటి రెండు దస్తావేజులు దొరకక మానవు. వాని చివర నొక నల్లని మచ్చయు, ప్రక్కన ఫలానావాని నిశానీ యని పరుల చేతివ్రాతయు నుండును. ఆ మచ్చ మన తాతదో ముత్తాతదో యైన బొటనవ్రేలి ముద్ర. పైన వ్రాసిన దేమో ఆతడు చదువనేరడు. చదివి వినిపించినవాడు ఉన్నది ఉన్నట్లు వినిపించెనో లేదో దైవమునకే యెరుక. ఆ దినములందే దొరల గడీలలో తుపాకులుండెడివి. వానిని పట్టిన చేతు లెవ్వరివని యడుగు హక్కు మాత్రము పల్లెవారికి లేకుండెను. ఇప్పుడు మారణాయుధము కొనదలచినవానిని పెక్కు దేశములలో ప్రభుత్వములు నీ వెవ్వడవని ప్రశ్నించి, గుర్తు వేయుమనుచున్నవి. ఈ మార్పు వచ్చిన క్రమమును నేడు మనవి చేసెదను.

వ్రేలిముద్రను ఒప్పందమునకు గుర్తుగా వాడుట చీనాదేశమున పూర్వమే కలదు. మన దేశమున దానిని సర్కారు పనిలోనికి తెచ్చినవాడు విలియం హెర్షెల్ అను ఆంగ్లోద్యోగి. 1858 జులై మాసమున వంగదేశమందలి జంగీపురమున, బాటకు కంకర సరఫరా చేయు రాజ్యధర్ కోనాయి అను నాతనితో హెర్షెల్ ఒక కరారు వ్రాయించుకొనెను. రేపు ఈ చేవ్రాలు నాది కాదని యాతడు తప్పించుకొనకుండ, అరచేతికి సిరా పూసి కాగితముపై నొత్తించెను. అప్పటి కది శాస్త్రము గాదు, బెదరింపు మాత్రమే. తరువాత పెక్కేండ్లు తన ముద్రలను, ఇతరుల ముద్రలను పోల్చి చూచి, వ్రేలి గీతలు వయస్సుతో మారవని యాతడు గ్రహించెను. 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా నుండి, పింఛనుదారులచేతను, దస్తావేజులు రిజిస్టరు చేయించువారిచేతను వ్రేలిముద్రలు వేయించెను. మృతుని పేర మరియొకడు వచ్చి పింఛను పుచ్చుకొను మోసమునకు దీనితో అడ్డుకట్ట పడెను.

ముద్రలు పోగుపడినకొలది, వేల కాగితములలో కావలసినదానిని వెదకి తీయుట కష్టమయ్యెను. ఈ చిక్కును విప్పినవారు మన దేశీయు లిరువురు: అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. పది వ్రేళ్లను అయిదు జతలుగా చేసి, సుడి యున్న వ్రేలికి నిర్ణీతమైన అంకె వేసి, ముద్రలన్నిటిని 1024 తరగతులుగా విభజించు గణితమును హక్ కుదిర్చెను. 1897లో కలకత్తాలో నెలకొల్పిన వ్రేలిముద్రల కార్యాలయము ప్రపంచమున మొదటిది. పద్ధతికి మాత్రము వారి పై యధికారియగు ఎడ్వర్డ్ హెన్రీ పేరే నిలిచెను. 1899లో సాక్ష్యచట్టమును సవరించి, వ్రేలిముద్రల నిపుణుని యభిప్రాయమును న్యాయస్థానములందు స్వీకరింప నారంభించిరి. 1901లో లండను పోలీసులును ఈ పద్ధతినే యవలంబించిరి.

ఇక ఆయుధముల మాట. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వమునకు ప్రజల చేతిలోని కత్తిని చూచినను, తుపాకిని చూచినను భయమే. అప్పుడు మొదలైన నిరాయుధీకరణమునకు 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము పూర్ణరూప మిచ్చెను. లైసెన్సు లేక ఆయుధము ఉంచుకొనుట నేరమయ్యెను. ఒక ప్రాణహాని వస్తువును అదుపులో నుంచుట తప్పనజాలము. తప్పు మరియొక చోట నుండెను. ఐరోపీయులకు, కొన్ని పెద్ద హోదాలవారికి ఆ చట్టమునుండి మినహాయింపు లొసగిరి. విచారణ యొకనికి, విడుదల మరియొకనికి నన్నమాట. అందువలననే 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ చేర్చెను.

వ్రేలిముద్ర విషయమునను ఈ పక్షపాతమే కనిపించును. 1911 నాటి నేరస్థజాతుల చట్టము, ఏ నేరము చేయకున్నను పుట్టుకనుబట్టియే కొన్ని కులములవారి పేళ్లు పట్టికల కెక్కించి, వారి వ్రేలిముద్రలు తీసికొను నధికారము నిచ్చెను. మన తెలుగునాట ఎరుకలవారు ఈ బాధ పడిరి. బాపట్ల ప్రాంతమందలి స్టూవర్టుపురము అట్టివారికై యేర్పరచిన నివాసమే. ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాలు ప్రభుత్వము 1906లో ఆసియావాసు లందరును పది వ్రేళ్ల ముద్ర లిచ్చి పత్రములు పొందవలెనని శాసించెను. 1860 మొదలుకొని తమిళ తెలుగు కూలీలు నాటాలు చెరకు తోటలకు పోయి యుండిరి గావున, ఆ ఖండమున మనవారి సంగతి మనకు పరాయిది కాదు. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గు సభలో ఈ శాసనమును పాటింపమని భారతీయులు ప్రతిజ్ఞ చేసిరి. గాంధీమహాత్ముని సత్యాగ్రహము పుట్టిన దక్కడనే. స్వచ్ఛందముగా నమోదైనచో శాసనము పోవునన్న నమ్మికతో 1908లో ఆయన తానే ముద్రలు వేసెను. ఆ మాట చెల్లలేదని, ఆ యేటి ఆగస్టు 16న వేలకొలది పత్రములను భారతీయులు మంటపాలు చేసిరి. ముద్ర వేయుట వారికి అవమానము గాదు. ఒక జాతివారిచేతనే బలవంతముగ వేయించుట అవమానము.

మన ప్రాంతము నిజాము రాజ్యమున నుండుటచే ఆంగ్లేయుల చట్టము ఇచ్చట నేరుగా నడువలేదు. ఇచ్చట నడిచినది గడీ చట్టము. వెట్టిచాకిరికిని, నాగులకును, భూములు పోగొట్టుకొనుటకును కాగితము కావలసినప్పుడు రైతు బొటనవ్రేలు సిరాలో మునిగెడిది. 1946 జులై 4న మనకు దవ్వుకాని కడవెండిలో, విసునూరి దేశ్‌ముఖు మనుష్యులు ఊరేగింపుపై తుపాకులు కాల్చగా దొడ్డి కొమురయ్య నేలకొరగెను. ఆ తుపాకి యే చేతిదని యడిగి సమాధానము పొందు త్రోవ ఆ గ్రామస్థులకు లేదు. త్రోవ లేనప్పుడు ప్రజలు వడిసెలయు, కారపుపొడియు, రోకలియు పట్టిరి. పిమ్మట రజాకారుల దౌర్జన్యము పెరుగగా బర్మారులును, రైఫిళ్లును వారి చేతికి వచ్చెను. 1948 సెప్టెంబరున సైనిక చర్యతో నిజాము పాలన ముగిసినను, సాయుధపోరాటము 1951 అక్టోబరున విరమించువరకు నల్లగొండ పల్లెలు తుపాకి చప్పుడు వినుచునే యుండెను. ఆ పోరాటముపై పెద్దల యభిప్రాయములు పలువిధములు. చట్టము బలవంతుని తుపాకిని ప్రశ్నింపలేని చోట శాంతి నిలువదన్న పాఠము మాత్రము అందరిదియు.

స్వతంత్ర భారతమున 1959లో చేసిన ఆయుధచట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. తుపాకి కోరువాడు దరఖాస్తుపై చేవ్రాలుగాని బొటనవ్రేలి ముద్రగాని వేయవలెను. అధికారి సమీప పోలీసు స్టేషను నుండి నివేదిక తెప్పించుకొని విచారించును. ఈ చట్టమున పెద్దలు గుర్తుంచుకొనదగిన మాట యొకటి కలదు: తగినంత ఆస్తి లేదన్న కారణము మాత్రముచేత ఎవ్వనికిని లైసెన్సు నిరాకరింపరాదు. భూమి యున్నవానికే తుపాకి యన్న గడీకాలపు ధర్మము ఈ యొక్క వాక్యముతో తీరిపోయెను. పందుల బారినుండి పంటను కాపాడుకొను రైతు నోటినుండి మందు దట్టించు తుపాకికి దరఖాస్తు పెట్టుకొను వీలును ఈ చట్టముననే కలదు. నిరాకరించినచో కారణములు వ్రాసి యుంచవలెను. అడిగినచో, ప్రజాక్షేమమునకు భంగము లేనంతవరకు, తెలుపవలెను. పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. 2019 సవరణచే ఒక మనుష్యుడు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండునకు తగ్గినది.

మన బిడ్డలు పెక్కుమంది నివసించు అమెరికాలో తుపాకి ధరించుట రాజ్యాంగ మిచ్చిన హక్కు. అయినను అచ్చట 1934లోనే ఒక జాతీయ చట్టముచే మరతుపాకులను, పొట్టి గొట్టపు తుపాకులను, చప్పుడు నణచు గొట్టములను ప్రత్యేక పట్టికలో చేర్చిరి. వీనిని కొనువాడు ఛాయాపటమును, వ్రేలిముద్రల పత్రములను సమర్పింపవలెను. వానిని పాత నేరస్థుల ముద్రలతో పోల్చి చూచి గాని యనుమతి యీయరు. వారిలోను సందులు వెదకినవారు కలరు. ధర్మకర్తృత్వము పేరనో కంపెనీ పేరనో కొన్నచో ముద్రలు అక్కరలేకుండెను. 2016 జులై 13 నుండి ఆ సందును మూసి, అట్టి సంస్థలలో బాధ్యత గల ప్రతివానిచేతను ముద్రలు వేయించుచున్నారు. మినహాయింపు పొందినవాని వెనుకనే ప్రమాదము దాగునని 1878 నాటి మన చట్టము నేర్పిన పాఠమునే వారును నేర్చుకొనిరి.

కావున పెద్దలారా, వ్రేలిముద్రను గూర్చి మనకు రెండు జాగ్రత్తలు కావలెను. అడిగినది న్యాయమైనప్పుడు, అందరినుండి సమానముగా నడిగినప్పుడు, వెనుదీయక వేయుదము. అయితే చదివించుకొని, అర్థము తెలిసికొని, సాక్షుల యెదుటనే వేయుదము. మన తాతలు చేయలేక నష్టపడినది ఆ రెండవ పనియే. ఇంటిలో లైసెన్సుదారు గతించినచో, తుపాకి పొలమువలె కొడుకునకు సంక్రమింపదని పిల్లలకు చెప్పి యుంచుడు. ఆలస్యము చేయక దానిని స్టేషనులోగాని, లైసెన్సు గల వర్తకునియొద్దగాని ఒప్పగింపవలెను. ఉంచుకొనగోరు వారసుడు తన పేర, తన ముద్రతో, మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. తుపాకి పట్టిన ప్రతి చేతికిని లోకమునకు తెలిసిన పేరొకటి యుండవలె నన్నదే కడవెండి నాడు మనవారు కోరిన న్యాయము.