క్యాన్సర్ సమాచారం రోగికి అర్థం కావడంలో చిత్రాల పాత్ర

క్యాన్సర్ నిర్ధారణ అయినవారికి వైద్యులు చెప్పవలసినవి ప్రధానంగా రెండు: వ్యాధి ఎక్కడ, ఎంతవరకు ఉంది అన్నది ఒకటి, చికిత్స వల్ల మేలెంత, నష్టమెంత అన్నది మరొకటి. మొదటిదానికి అవయవం బొమ్మ గీసి చూపితే చాలావరకు సరిపోతుంది. రెండవది సంభావ్యత. దానికి రూపం లేదు కనుక చిత్రం అవసరమూ, దాన్ని రూపొందించడంలో కష్టమూ అక్కడే ఎక్కువ.

ఆరోగ్య సమాచారంలో బొమ్మల ప్రయోజనంపై వచ్చిన అధ్యయనాలను పీటర్ హౌట్స్, సహ పరిశోధకులు 2006లో సమీక్షించారు. మాటకు బొమ్మ తోడైతే విషయం మరింత బాగా అర్థమవుతుందని, గుర్తుంటుందని, చదువు తక్కువైనవారికి ఈ మేలు ముఖ్యంగా కనిపిస్తుందని తేల్చారు. బొమ్మ సరళంగా ఉండాలని, పక్కనే తేలిక మాటల్లో వివరణ ఉండాలని సూచించారు.

సంభావ్యతను చూపడానికి విరివిగా వాడే సాధనం గుర్తుల పటం. వంద లేదా వెయ్యి మనిషి గుర్తులను వరుసగా పేర్చి, ఒక ఫలితం ఎదురయ్యేవారి గుర్తులకు వేరే రంగు వేస్తారు. జర్మనీలోని హార్డింగ్ కేంద్రం మామోగ్రఫీపై (రొమ్ము ఎక్స్‌రే పరీక్షపై) ఇచ్చిన లెక్కలను ఇలా చూపవచ్చు. 50 ఏళ్లు దాటిన స్త్రీలు వెయ్యి మందిలో, దాదాపు 11 ఏళ్ల కాలంలో, రొమ్ము క్యాన్సర్‌తో మరణించేవారు పరీక్ష చేయించుకోకపోతే 5 మంది, చేయించుకుంటే నలుగురు. దీన్నే 'మరణాలు 20 శాతం తగ్గుతాయి' అన్నా లెక్క తప్పదు. కానీ వందలో 20 మంది బతికి బయటపడతారని వినేవారు పొరబడవచ్చు. రెండు పటాలూ పక్కపక్కన ఉంటే తేడా వెయ్యిలో ఒక్క గుర్తేనని చూడగానే తెలుస్తుంది. పరీక్ష చేయించుకున్నవారిలో సుమారు 100 మందికి లేని వ్యాధి ఉందన్న అనుమానం ఎదురవుతుందన్న సంగతీ అందులోనే చూపవచ్చు.

పటంలో ఎంత ఎక్కువ ఇరికిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాతి చికిత్సలపై అమెరికాలో బ్రయన్ జిక్మండ్-ఫిషర్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టం చేసింది. నాలుగు చికిత్సా మార్గాలను అడ్డపట్టీలతో చూపే పటాన్ని, రెండే మార్గాలను గుర్తులతో చూపే పటంతో పోల్చారు. హార్మోన్ చికిత్సకు కీమోథెరపీ జోడిస్తే అదనంగా కలిగే మేలెంతో మొదటి పటం చూసినవారిలో 51 శాతం, రెండవది చూసినవారిలో 77 శాతం సరిగ్గా చెప్పగలిగారు.

పోల్చే అంకెలన్నింటికీ ఒకే మొత్తం ఆధారంగా ఉండాలి. వందలో 3, వెయ్యిలో 25 అని కలగలిపి చెబితే, నిజానికి చిన్నదైన రెండవదే పెద్దదిగా తోస్తుంది. మరణించేవారితో పాటు బతికేవారినీ అదే పటంలో చూపాలి. భారత్‌లో 2016 నుంచి పొగాకు ప్యాకెట్లపై 85 శాతం మేర ముద్రిస్తున్న చిత్రాల పని హెచ్చరించడం. చికిత్స ఎంచుకోవలసిన రోగికి అలాంటి భయపెట్టే బొమ్మ పనికిరాదు. పటం చూపాక రోగి చేత ఆ విషయాన్ని సొంత మాటల్లో చెప్పించుకోవాలి. ఏది అర్థం కాలేదో అప్పుడే బయటపడుతుంది, మళ్లీ వివరించే వీలూ దొరుకుతుంది.