ఇంటి లెక్కలు: ఎంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు, ఎప్పుడు నిపుణుడి దగ్గరికి వెళ్లాలి?

నెల మొదటి వారంలో జీతం వస్తుంది. ఇరవయ్యో తారీఖు దాటేసరికి చేబదుళ్లు మొదలవుతాయి. చాలా ఇళ్లలో దీనికి దుబారా కారణం కాదు. ఖర్చు ఎక్కడ అవుతుందో కాగితం మీద ఎప్పుడూ రాసుకోకపోవడమే కారణం. అప్పు పెరిగాక, లేదా ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతికి వచ్చాక ఎవరిని అడగాలో తెలియక తెలిసినవారి మాట మీద నడుస్తారు. నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ముందు 12 నెలల లెక్క

ఉదాహరణకు నెలకు 42,000 రూపాయల ఆదాయం ఉన్న ఐదుగురి కుటుంబాన్ని తీసుకుందాం. ఇంటి అద్దె 10,000. కిరాణా, కూరగాయలు, పాలు, మాంసం 11,000. పిల్లల ఫీజులు 5,000. కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,500. పెట్రోల్, ఆటో 3,000. పెద్దవారి మందులు 2,000. చిట్టీ 4,000. మొత్తం 38,500. ఇంకా 3,500 మిగులుతున్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఏడాదికోసారి వచ్చే ఖర్చులు రాయాలి. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాంలు 18,000. రంజాన్, ఈద్ బట్టలు 20,000. బక్రీద్ ఖుర్బానీ 15,000. బంధువుల పెళ్లిళ్లు, కానుకలు 12,000. బండి ఇన్సూరెన్స్, రిపేర్లు 7,000. మొత్తం 72,000, అంటే నెలకు 6,000. మిగిలేది 3,500 మాత్రమే కాబట్టి ఈ ఇంట్లో నెలకు 2,500, ఏడాదికి 30,000 లోటు ఉంది. ప్రతి ఏడూ ఈ లోటే అప్పుగా మారుతోంది.

పండగ ఖర్చులను హిజ్రీ నెలల ప్రకారం లెక్కవేయాలి. చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులే. అందువల్ల రంజాన్ ప్రతి ఏడూ 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి. ఇంగ్లీషు క్యాలెండర్ చూసి నెలనెలా పక్కన పెట్టే కుటుంబానికి ఆ ఏడాది డబ్బు తక్కువ పడుతుంది.

ఇంట్లోనే చేసుకోగల పనులు

మొదటిది, 3 నెలలు ప్రతి ఖర్చూ రాయడం. నోట్‌బుక్ చాలు. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులు ఆ యాప్‌లలోనే కనిపిస్తాయి కాబట్టి నగదు ఖర్చులు రాసుకుంటే లెక్క పూర్తవుతుంది.

రెండోది, అప్పులన్నీ ఒకే పేజీలో రాయడం. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పటికి తీర్చాలి అన్నవి అందులో ఉండాలి. 'నూటికి మూడు రూపాయలు' అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది. ఏడాదికి లెక్కవేస్తే అది 36 శాతం. 30,000 అప్పుకు నెలకు 900 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. వడ్డీ హరామ్ అని తెలిసి కూడా గతిలేక తీసుకున్న కుటుంబాలు ఈ అప్పును అందరికంటే ముందు తీర్చాలి. దీనికోసం ఇంట్లో వాడని బంగారం కొంత అమ్మాల్సి వచ్చినా లెక్క ప్రకారం లాభమే. అయితే భార్యకు మెహర్‌గా వచ్చిన, పుట్టింటి నుంచి తెచ్చుకున్న బంగారం ఆమె సొంతం. ఆమె ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే దాన్ని ముట్టాలి.

మూడోది, 3 నెలల ఖర్చుకు సరిపడే డబ్బును విడిగా దాచడం. ఒకేసారి కుదరదు, నెలకు 1,000తో మొదలుపెట్టినా సరే. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు బీమా రక్షణ ఉంది. తెలిసిన వ్యాపారి దగ్గర పెట్టిన డబ్బుకు అలాంటి రక్షణ లేదు. చిట్టీ వేసేముందు అది 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడగాలి.

జకాత్ తేదీ కూడా ఈ నోట్‌బుక్‌లోనే ఉండాలి. నిసాబ్‌కు మించిన సంపద చాంద్రమాన సంవత్సరం పాటు ఉంటే రెండున్నర శాతం ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా బంగారం ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు, వెండి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు నిసాబ్‌గా చూస్తారు. భార్య బంగారం లెక్క ఆమెది, భర్త లెక్క భర్తది. రెంటినీ కలిపేయకూడదు.

ఇంటి లెక్క సరిపోని సందర్భాలు

ఈ పరిస్థితుల్లో బయటి సలహా తీసుకోవడం మంచిది.

పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తున్నప్పుడు. కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో 40 శాతం దాటినప్పుడు. భార్యకు తెలియకుండా భర్తో, భర్తకు తెలియకుండా భార్యో అప్పు దాస్తున్నప్పుడు.

రిటైర్మెంట్ డబ్బు, భూమి అమ్మిన డబ్బు, గల్ఫ్ కంపెనీ ఉద్యోగం చివర ఇచ్చే మొత్తం ఒకేసారి చేతికి వచ్చినప్పుడు. ఇలాంటి డబ్బు వచ్చిన సంగతి ఊరంతా తెలుస్తుంది. మొదటి వారంలోనే పది సలహాలు వస్తాయి. 3 నెలలపాటు దాన్ని బ్యాంకులోనే ఉంచి, ఆ తర్వాత నిర్ణయించడం క్షేమం.

గల్ఫ్ నుంచి శాశ్వతంగా తిరిగి వచ్చినప్పుడు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాను సాధారణ ఖాతాగా మార్పించాలి. అప్పటిదాకా పన్ను లేని వడ్డీకి ఇక్కడ నివాసి అయ్యాక పన్ను వర్తిస్తుంది.

ఇంటి పెద్ద మరణించి ఆస్తి పంచాల్సి వచ్చినప్పుడు. ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చినప్పుడు.

ఏ ప్రశ్నకు ఎవరు?

డబ్బు ఎలా పొదుపు చేయాలి, ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకు సెబీ దగ్గర నమోదైన పెట్టుబడి సలహాదారు ఉన్నారు. వీరి రిజిస్ట్రేషన్ నంబర్ 'ఐఎన్‌ఏ' అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. వీరు కుటుంబం నుంచి ఫీజు తీసుకుంటారు. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుకు ఉండేది 'ఏఆర్‌ఎన్' నంబర్. ఆయనకూ, బీమా ఏజెంటుకూ కంపెనీ నుంచి కమీషన్ వస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు, కానీ వారి ఆదాయం అమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'ఈ సలహాకు మీకు డబ్బు ఎవరిస్తారు?'

పన్నులు, నోటీసులు, ఎన్‌ఆర్‌ఐ లెక్కలు చార్టర్డ్ అకౌంటెంట్ పని.

జకాత్, హలాల్ హరామ్, వారసత్వ వాటాల ప్రశ్నలు ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి. కొన్నిసార్లు ఇద్దరూ అవసరమవుతారు. బ్యాంకు వడ్డీని ఏం చేయాలో ముఫ్తీ చెబుతారు. దాన్ని పేదలకు ఇచ్చేసినా పన్ను లెక్కలో అది ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. ఇది అకౌంటెంట్ చెప్పాల్సిన మాట. షరియా ప్రకారం వడపోసిన కంపెనీలలో మదుపు చేసే టాటా ఎథికల్, టారస్ ఎథికల్ వంటి ఫండ్లు కూడా ఉన్నాయి. కానీ హలాల్ అన్నంత మాత్రాన నష్టం రాదని కాదు. మార్కెట్ పడితే ఇవీ పడతాయి.

ఆస్తి పత్రాలు, అప్పు తగాదాలు వకీలు చూస్తారు. మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. బ్యాంకు మీద ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, నంబర్ 14448. బ్యాంకు రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆన్‌లైన్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

హలాల్ పేరుతో వచ్చే ఆశలు

2018లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్‌పై మదుపరుల ఫిర్యాదులతో కేసులు నమోదయ్యాయి. 2019 జూన్‌లో బెంగళూరులోని ఐఎంఏ మూతపడి వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు చిక్కుకుపోయింది. వడ్డీ వద్దనుకునే మనసులకు హలాల్ లాభం అన్న మాట ఊరటనిస్తుంది. అందుకే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. వ్యాపారంలో భాగస్వామి అంటే లాభంతోపాటు నష్టంలోనూ పాలు ఉండాలి. 'నెలకు లక్షకు ఇంత ఖాయం' అని ఎవరైనా మాట ఇస్తే అది భాగస్వామ్యమే కాదు. మసీదులో పరిచయం, గడ్డం, మంచి మాట, మొదటి నెలల్లో ఠంచనుగా వచ్చిన డబ్బు ఇవేవీ లైసెన్సుకు సాటిరావు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి చట్టం నిషేధించింది. అనుమానం వస్తే రిజర్వ్ బ్యాంక్ నడిపే 'సచేత్' పోర్టల్‌లో సంస్థ వివరాలు చూడవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు.

మొదటిసారి కలవడానికి వెళ్లేటప్పుడు

3 నెలల ఖర్చుల నోట్‌బుక్, అప్పుల పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బీమా పాలసీలు, పాన్ కార్డు తీసుకెళ్లాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళితే మేలు. ఫీజు ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బు సలహాదారు సొంత ఖాతాలో వేయమంటే అక్కడే ఆగిపోవాలి. ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

ఖాతాలన్నిటికీ నామినీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, దాని మీద హక్కు వారసులది. ఉదాహరణకు పిల్లలున్న భర్త చనిపోతే భార్యకు ఎనిమిదో వంతు వాటా వస్తుంది. వసీయత్ అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే చెల్లుతుంది. మిగతా వారసుల అంగీకారం లేకుండా ఒక వారసుడి పేరున రాసిన వసీయత్ చెల్లదు. ఖాతాలు, పాలసీలు, ఇవ్వాల్సిన అప్పులు, రావాల్సిన బాకీల వివరాలు ఒకే ఫైల్‌లో ఉండాలి. ఆ ఫైల్ ఎక్కడుందో భార్యకు, ఎదిగిన పిల్లల్లో కనీసం ఒకరికి తెలిసి ఉండాలి. రేపు వాళ్లు ఎవరి దగ్గరికి సలహాకు వెళ్లినా ముందుగా అడిగేది ఆ కాగితాలే.