స్టవ్ పేలిన వార్తలు

కొండాపూర్‌లో పైపు గ్యాసు మీద వండుకునే మనకి ‘స్టవ్ పేలి కోడలు మృతి’ అన్న పాత పేపర్ల వార్త యంత్రం తప్పులా వినిపిస్తుంది. ఆ యంత్రాన్ని ఓసారి చూద్దాం.

1892లో స్వీడన్‌లో లింద్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్సే మన పంపు స్టవ్‌కి మూలం. బర్నరు వేడెక్కాక పంపు కొడితే కిరసనాయిలు, అంటే తెలంగాణ గ్యాసునూనె, ఆవిరై సన్నని రంధ్రంలోంచి వచ్చి నీలంగా మండుతుంది. మన ప్రమాణాల ప్రకారం 35 డిగ్రీలకన్నా తక్కువ వేడిలో దాని ఆవిరి అంటుకోకూడదు. పెట్రోలు ఆవిరి సున్నాకి ఎంతో దిగువనే అంటుకుంటుంది. కాబట్టి కల్తీ నూనె, మూసుకుపోయిన రంధ్రం నిజంగానే ప్రాణాలు తీయగలవు.

కానీ మనిషిని చూసి పేలే తెలివి స్టవ్‌కి లేదు. మరి ప్రతిసారీ కోడలే ఎందుకు? మహిళా సంఘాలు అడిగింది ఇదే. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు వచ్చాయి. పెళ్లైన ఏడేళ్లలోపు కాలి చనిపోయి, అంతకుముందు కట్నం వేధింపులున్నాయని తేలితే అత్తింటివాళ్లే జవాబు చెప్పుకోవాలి.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పేదిళ్లకి గ్యాసు తెచ్చింది. పంపు స్టవ్ అటకెక్కింది. కట్నం ఇంకా ఎక్కలేదు.