దాయాదుల ఆట

మిషిగన్ సరస్సు పక్కనున్న మా హాలండ్ పట్నానికి పునాది వేసింది ఆల్బర్టస్ వాన్ రాల్టీ అనే పాస్టరు. 1847లో ఆయన వెంట వచ్చిన డచ్చివాళ్ళు, స్వదేశంలో ప్రభుత్వ చర్చితో పడక, కరువుకు తాళలేక కదిలినవాళ్ళు. పదేళ్ళకే వాళ్ళలో వాళ్ళకు చెడింది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిలో కలవడం నచ్చని కొన్ని సంఘాలు 1857లో విడిపోయి క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చి పెట్టుకున్నాయి. మా ఊరికి దక్షిణాన ఉన్న గ్రాఫ్‌స్కాప్ సంఘం వాటిలో ఒకటి.

వేరు కాపురాలకు వేరు కాలేజీలు వచ్చాయి. రిఫార్మ్‌డ్ వాళ్ళ హోప్ కాలేజీ 1866లో మా ఊళ్ళోనే వెలసింది. వేరుపడ్డవాళ్ళ కాల్విన్ 1876లో ముప్పై మైళ్ళ అవతల గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలైంది. ఫ్రీమేసన్లను సంఘంలో ఉంచుకోవచ్చా అన్న తగాదాతో, వాన్ రాల్టీ హయాంలో 1856లో కట్టిన పిల్లర్ చర్చి కూడా 1882లో రిఫార్మ్‌డ్ వాళ్ళను వదిలి, తర్వాత అటువైపు చేరింది. ఆ భవనం మాత్రం హోప్ పక్కనే ఉంది.

ఈ దాయాదులను ముఖాముఖి నిలబెట్టింది బాస్కెట్‌బాల్. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ బడిలో జేమ్స్ నాయ్‌స్మిత్ చలికాలం కోసం కల్పించిన ఆట అది. నెలల తరబడి మంచు కురిసే మా ప్రాంతానికి భలేగా కుదిరింది. 1888లో పుట్టిన మిషిగన్ అంతర కళాశాలల క్రీడా సంఘంలో హోప్ 1926లో, కాల్విన్ 1953లో చేరాయి. ఇక అప్పటినుంచి ఏటా తలపడక తప్పలేదు. ఒక మ్యాచ్ ఇక్కడ, ఒకటి అక్కడ.

ఇవి మూడో డివిజన్ కాలేజీలు. ఆట బాగా ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. అయినా కాల్విన్ అబ్బాయిలు 1992, 2000లలో, హోప్ అమ్మాయిలు 1990, 2006, 2022లలో జాతీయ విజేతలయ్యారు. 2006 ఫైనల్ జరిగింది ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. అంతకు కొన్ని నెలల ముందే, 2005లో, హోప్ ఆటలు పాత సివిక్ సెంటర్ నుంచి డివోస్ ఫీల్డ్‌హౌస్‌కు మారాయి.

నాలాంటి తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో కాపురం పెడితే, మీరు ఏ చర్చి అని అడిగేవాళ్ళకంటే ఎవరి పక్షమని అడిగేవాళ్ళే ఎక్కువ. హోప్ నారింజ, నీలం రంగులేసుకుని అరిచే కుర్రకారులో ఫ్రీమేసన్ల తగాదా తెలిసినవాళ్ళు అరుదు. 2012లో పిల్లర్ చర్చి రెండు శాఖలకూ చెందినదైంది. అక్కడ రాజీ కుదిరినందుకు ఊరు సంతోషించింది. బాస్కెట్‌బాల్ కోర్టులో రాజీ చేస్తామని ఎవరైనా వస్తే మాత్రం ఊరుకోదు.